పికప్ గేర్ బాక్స్‌లో అరిగిన క్లచ్ షాఫ్ట్ మార్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంజన్ ముందు, డ్రైవ్ వెనక చక్రాలకు ఉండే ఐదు గేర్ల పికప్‌ల గురించి ఇక్కడ రాస్తున్నాను. బొలెరో పికప్, టాటా యోధా, అశోక్ లేలాండ్ దోస్త్, మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డి-మ్యాక్స్ లాంటివన్నమాట. బోల్టుల సైజు, షిమ్ (సందు సరిచేసే పలచటి రేకు) మందం, టార్క్ లాంటివి బండికో రకం కాబట్టి మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్ చూసే తీరాలి. పని తీరు, తప్పులు జరిగే చోట్లు మాత్రం అన్నిటికీ దాదాపు ఒకటే.

ఇంతకీ ఈ షాఫ్ట్ ఎక్కడుంటుంది, ఏం చేస్తుంది?

ఇంజన్ బలం గేర్ బాక్స్‌లోకి అడుగుపెట్టే దారి ఇదే. ముందు కొస ఫ్లైవీల్ మధ్యలోనో క్రాంక్ షాఫ్ట్ కొసలోనో ఉండే పైలట్ బేరింగ్‌లో కూర్చుంటుంది. దాని వెనక స్ప్లైన్స్, అంటే షాఫ్ట్ పొడవునా కోసిన గాడి పళ్ళు, వాటి మీద క్లచ్ ప్లేట్ ముందుకీ వెనక్కీ జారుతుంది. ఇంకా వెనక్కి వస్తే ఆయిల్ సీల్, పెద్ద బేరింగ్ (కింద ముందు బేరింగ్ అన్నది దీన్నే), ఆ తర్వాత షాఫ్ట్‌తో కలిపి ఒకే ముక్కగా చేసిన గేరు ఉంటాయి. క్లచ్ పట్టి ఉన్నంతసేపూ ఆ గేరు, దాని కింద ఉన్న కౌంటర్ షాఫ్ట్‌ని (మిగతా గేర్లకి బలం అందించే పక్క షాఫ్ట్) తిప్పుతూనే ఉంటుంది, మీరు న్యూట్రల్‌లో ఉన్నా సరే. గేరు పక్కనే చిన్న డాగ్ పళ్ళు ఉంటాయి, నాలుగో గేరు వేసినప్పుడు స్లీవ్ (గేరు మార్చితే పక్కకి జరిగే పళ్ళ రింగు) వచ్చి పట్టుకునేది వాటినే. వెనక కొస గుల్లగా ఉంటుంది, అందులో నీడిల్ బేరింగ్, ఆ బేరింగ్‌లో, బలాన్ని వెనక చక్రాల వైపు పంపే మెయిన్ షాఫ్ట్ ముక్కు తిరుగుతుంది.

అంటే ఒక్క షాఫ్ట్ మీద అరిగే చోట్లు ఐదారు ఉన్నాయి. "షాఫ్ట్ పోయింది" అని మెకానిక్ అంటే ఎక్కడ పోయిందో చూపించమని అడగండి. జవాబును బట్టి మిగతా పనంతా మారిపోతుంది.

షాపులో క్లచ్ షాఫ్ట్, ఇన్‌పుట్ షాఫ్ట్, టాప్ గేర్ షాఫ్ట్ అని ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతారు. పేరుతో పని లేదు, పాత షాఫ్ట్ చేతిలో పట్టుకుని వెళ్ళండి.

గేర్ బాక్స్ దించకుండానే అరిగిందని తెలుసుకోవచ్చా?

పూర్తిగా కాదు కానీ చాలావరకు తెలుస్తుంది. దించే కూలి దండగ కాకుండా ఉండాలంటే ముందు పావుగంట కూర్చుని చెవి పెట్టి వినండి.

బండి న్యూట్రల్‌లో పెట్టి, ఇంజన్ స్లోలో ఉంచి, క్లచ్ మీద కాలు తీసేయండి. ఇప్పుడు క్లచ్ షాఫ్ట్, కౌంటర్ షాఫ్ట్ రెండూ తిరుగుతుంటాయి. ఈ స్థితిలో గరగరమనో కూతలానో శబ్దం ఉండి, పెడల్ పూర్తిగా తొక్కగానే మెల్లగా తగ్గి ఆగిపోతే, తప్పు షాఫ్ట్ ముందు బేరింగ్‌లోనో కౌంటర్ షాఫ్ట్ బేరింగుల్లోనో ఉంది. దీనికి తిరగేసి జరిగితే, అంటే కాలు తీసినప్పుడు ప్రశాంతంగా ఉండి, పెడల్ మీద కాస్త బరువు పడగానే కీచుమంటే అది రిలీజ్ బేరింగ్, పెడల్ తొక్కితే క్లచ్‌ని నెట్టేది. షాఫ్ట్‌కి దానితో సంబంధం లేదు.

ఇక పైలట్ బేరింగ్ అంత తేలిగ్గా దొరకదు. క్లచ్ పట్టి ఉన్నంతసేపూ ఫ్లైవీల్, షాఫ్ట్ కలిసే తిరుగుతాయి కాబట్టి పైలట్ బేరింగ్‌కి అసలు పనే ఉండదు. బండి ఆగి ఉండి, ఫస్ట్ గేరులో ఉండి, పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకున్నప్పుడు షాఫ్ట్ నిలబడిపోతుంది, ఇంజన్ తిరుగుతుంటుంది, అప్పుడు మాత్రమే అది పని చేస్తుంది. అప్పుడు మాత్రమే వచ్చే శబ్దం దానిదే. అది బిగుసుకుపోతే శబ్దం కూడా రాదు, పెడల్ నేలకి తొక్కినా షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది, రివర్స్ వేస్తే కర్రుమంటుంది. చాలామంది దీన్ని క్లచ్ సరిగ్గా వదలట్లేదనుకుని అడ్జస్ట్‌మెంట్ మీద అడ్జస్ట్‌మెంట్ చేస్తూ, మాస్టర్ సిలిండర్, స్లేవ్ సిలిండర్ కూడా మార్చి డబ్బు పోగొట్టుకుంటారు.

స్ప్లైన్స్ అరిగితే మరో రకం. క్లచ్ ప్లేట్ హబ్ (మధ్య భాగం) కొట్టుకుని కొట్టుకుని స్ప్లైన్ పళ్ళ మీద చిన్న మెట్లు పడతాయి. పెడల్ తొక్కినప్పుడు ప్లేట్ ఆ మెట్టు దగ్గర ఇరుక్కుని ఫ్లైవీల్ నుంచి విడిపడదు. ఆగినచోటి నుంచి ఎత్తేటప్పుడు బండి వణుకుతుంది, యాక్సిలరేటర్ వదిలి మళ్ళీ తొక్కితే కింద నుంచి టక్‌మని దెబ్బ వినిపిస్తుంది. ఆ దెబ్బ యూనివర్సల్ జాయింట్ క్రాస్ అరిగినా వస్తుంది, కాబట్టి ముందు బండి కిందికి దూరి ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్ బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి వెళ్ళేది) పట్టుకుని ఊపి చూడండి.

నాలుగో గేరులో తప్ప మిగతా అన్నిట్లో సౌండ్ వస్తోంది. షాఫ్ట్ మార్చాలా?

తొందరపడకండి, ఈ లక్షణం నిజానికి మీకు మంచి ఆధారం. ఈ గేర్ బాక్సుల్లో ఎక్కువవాటికి నాలుగో గేరు డైరెక్ట్, అంటే స్లీవ్ వచ్చి క్లచ్ షాఫ్ట్‌ని, మెయిన్ షాఫ్ట్‌ని నేరుగా కలిపేస్తుంది. బలం కౌంటర్ షాఫ్ట్ మీదుగా పోదు. కౌంటర్ షాఫ్ట్ అప్పుడూ తిరుగుతుంది కానీ దాని మీద లోడ్ ఉండదు. కాబట్టి నాలుగులో మాత్రం శబ్దం తగ్గిందంటే ముందు అనుమానించాల్సింది కౌంటర్ షాఫ్ట్ బేరింగుల్ని, కౌంటర్ గేరు పళ్ళని. నాలుగుతో సహా అన్ని గేర్లలోనూ ఒకేలా ఉంటే అప్పుడు క్లచ్ షాఫ్ట్ ముందు బేరింగ్ వైపు చూడండి. ఇక మెయిన్ షాఫ్ట్ ముక్కు దగ్గరి నీడిల్ బేరింగ్ సంగతి వేరే, నాలుగులో రెండు షాఫ్ట్‌లూ ఒకే వేగంతో తిరుగుతాయి కాబట్టి దానికి విశ్రాంతి, మిగతా గేర్లలో దానికి పని. అందుకే బాక్స్ విప్పాక కౌంటర్ షాఫ్ట్ మాత్రమే చూసి ఊరుకోవద్దు, ఈ నీడిల్స్ కూడా చూడాలి.

నాలుగో గేరు దానంతటదే న్యూట్రల్‌కి వచ్చేస్తోంది.

డాగ్ పళ్ళ కొసలు గుండ్రంగా అరిగిపోయి ఉండొచ్చు, స్లీవ్ లోపలి పళ్ళూ అరిగి ఉండొచ్చు. స్లీవ్‌ని నెట్టే షిఫ్ట్ ఫోర్క్ అరిగినా, గేరుని జారకుండా పట్టి ఉంచే డిటెంట్ స్ప్రింగ్ బలహీనపడినా ఇదే జరుగుతుంది. కానీ షాఫ్ట్ ముందు బేరింగ్ లూజై, లోపల నీడిల్ బేరింగ్ కూడా అరిగితే రెండు షాఫ్ట్‌లూ ఒకే గీత మీద ఉండవు, లోడ్ పడినప్పుడు స్లీవ్‌ని కొంచెం కొంచెంగా వెనక్కి నెట్టేస్తాయి. డాగ్ పళ్ళు షాఫ్ట్‌తో కలిసే వస్తాయి కాబట్టి షాఫ్ట్ మార్చాలి. స్లీవ్, అది జారే హబ్ కూడా దానితోపాటే మార్చకపోతే అరిగిన స్లీవ్ కొత్త పళ్ళని కొద్ది రోజుల్లోనే తినేస్తుంది.

గేరు పడుతుంది, ఇంజన్ తిరుగుతుంది, బండి మాత్రం కదలట్లేదు.

క్లచ్ ప్లేట్ కాలిపోయి ఉంటే వాసన వస్తుంది. వాసన లేకుండా ఒక్కసారిగా ఇలా అయితే స్ప్లైన్స్ పూర్తిగా నున్నబడిపోయి ఉండాలి, లేదా ప్లేట్ హబ్ మధ్యలో చిరిగిపోయి ఉండాలి. బండి పక్కకి ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకి రాయి అడ్డం పెట్టి, సహాయకుణ్ణి దూరం నుంచి ప్రొపెల్లర్ షాఫ్ట్ చూడమనండి. అది తిరుగుతూ బండి కదలకపోతే తప్పు వెనక యాక్సిల్లో ఉంది. అది తిరగకపోతే క్లచ్, గేర్ బాక్స్ వైపు. ఇంజన్ ఆన్‌లో ఉండగా ఎవరినీ బండి కిందికి దూరనివ్వకండి.

అసలు ఈ షాఫ్ట్ ఎందుకు అరుగుతుంది?

అందరూ తక్కువగా అడిగేది ఇదే, అన్నిటికంటే ముందు అడగాల్సింది కూడా ఇదే. గట్టి ఉక్కుతో చేసి, పైపొర కార్బరైజ్ చేసి గట్టిపరిచిన షాఫ్ట్ ఊరికే అరిగిపోదు. దాన్ని ఏదో ఒకటి చంపుతుంది. ఆ ఏదో ఒకటి కనిపెట్టకుండా కొత్తది వేస్తే అదీ అదే దారిన పోతుంది, మీరు మళ్ళీ దించుడు కూలి కట్టాలి.

ముందు చూడాల్సింది పైలట్ బేరింగ్. అది చెడితే షాఫ్ట్ ముందు కొసకి ఆధారం పోతుంది, కొస ఊగుతుంది, ఆ ఊగుడు స్ప్లైన్స్‌నీ ముందు బేరింగ్‌నీ కలిపి తింటుంది. చిన్న పార్టు, చవకది, క్లచ్ పని చేయించిన ప్రతిసారీ మార్చాల్సింది, కానీ "బానే ఉందిలే" అని వదిలేసేదీ ఇదే.

తర్వాత డోవెల్ పిన్నులు. ఇంజన్‌కీ బెల్ హౌసింగ్‌కీ (గేర్ బాక్స్ ముందుండే, క్లచ్‌ని కప్పే గంట ఆకారపు కేసు) మధ్య ఉండే ఈ పిన్నులే గేర్ బాక్స్‌ని క్రాంక్‌తో ఒకే గీత మీద నిలబెడతాయి. బోల్టులు పట్టి ఉంచుతాయి అంతే, గీత కుదిర్చేది పిన్నులు. ఎప్పుడో దించినప్పుడు ఒక పిన్ను పడిపోయి, దాన్ని పెట్టకుండానే బిగించిన బండ్లు తక్కువేం కాదు. రెండు ముఖాల మధ్య మట్టి, తుప్పు పొర ఉన్నా అదే ఫలితం. మీ బండిలో క్లచ్ ప్లేట్ మధ్య భాగం పదే పదే చిరుగుతోందంటే, ప్లేట్ కంపెనీని తిట్టే ముందు ఈ పిన్నులు చూడండి.

ఆయిల్ తగ్గడం మూడోది. ముందు సీల్ నుంచి కొద్దికొద్దిగా కారే ఆయిల్ బెల్ హౌసింగ్ అడుగున తడిగా కనిపిస్తుంది. ఇంజన్ వెనక సీల్ కారినా తడి అక్కడే, తేడా పట్టేది ముక్కుతో: గేర్ ఆయిల్‌కి గంధకం ఘాటు ఉంటుంది, చిక్కగా ఉంటుంది. డీజిల్ ఇంజన్ ఆయిల్ నల్లగా, పలచగా ఉంటుంది.

ఇక లోడ్, డ్రైవింగ్. 1.7 టన్నులు మోసే బండిలో మూడు టన్నుల సరుకు వేసి ఘాట్ రోడ్డు మీద ఆపి మళ్ళీ ఎత్తితే ఆ దెబ్బంతా పడేది ముందు ఈ స్ప్లైన్స్ మీదే. మదనపల్లె టమాటా మార్కెట్‌కో గుంటూరు మిర్చి యార్డుకో సీజన్‌లో తిరిగే బండ్లకి ఓవర్‌లోడ్ మామూలైపోయింది, దాన్ని నేను సమర్థించను, బండికే కాదు మనిషి ప్రాణానికీ మంచిది కాదు. అయినా సరే, చెడిన షాఫ్ట్‌లన్నిటికీ ఓవర్‌లోడే కారణమని చెప్పి చేతులు దులుపుకోవడం కూడా తప్పే. అంతే లోడ్ మోసే పక్క బండి షాఫ్ట్ బాగుండి మీదే పోయిందంటే పైలట్‌నీ పిన్నుల్నీ చూడాల్సిందే.

వరద నీళ్ళలో బండి మునిగింది, గేర్ బాక్స్ కూడా చూడాలా?

తప్పకుండా. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు బండ్లు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నప్పుడు అందరూ ఇంజన్, వైరింగ్ గురించే టెన్షన్ పడ్డారు. గేర్ బాక్స్‌కి పైన బ్రీదర్ అనే చిన్న గాలి దారి ఉంటుంది. వేడిగా ఉన్న బాక్స్ నీళ్ళలో పడి చల్లబడితే లోపలి గాలి కుంచించుకుని అందులోంచి నీళ్ళు లాక్కుంటుంది. డ్రెయిన్ ప్లగ్ విప్పితే ఆయిల్ పాలలా తెల్లగా వస్తే నీళ్ళు చేరినట్టే. ఆ ఆయిల్ అలాగే ఉంచి నడిపితే బేరింగ్ గోళీల మీద తుప్పు మచ్చలు పడతాయి, అక్కణ్ణుంచి పొరలు లేస్తాయి. వెంటనే వంచి, కొత్త ఆయిల్ పోసి, కొద్ది దూరం నడిపి మళ్ళీ వంచి, మళ్ళీ పోయండి. పైలట్ బేరింగ్, రిలీజ్ బేరింగ్ మాత్రం బయట ఉంటాయి, వాటి గ్రీజు కొట్టుకుపోయి ఉంటుంది, శబ్దం మొదలైతే ఆలస్యం చేయొద్దు.

స్ప్లైన్స్ మీద వెల్డింగ్ పెట్టి లేత్ మీద కోయించుకోవచ్చా? సగం ఖర్చులో అయిపోతుందంటున్నారు.

వద్దు. వెల్డింగ్ వేడికి షాఫ్ట్ పైపొరకి ఇచ్చిన గట్టిదనం పోతుంది, ఆ పక్కన కొంతమేర పెళుసుబారుతుంది. పైన వేసిన లోహం మెత్తగా ఉంటుంది, దాని పక్కనే ఉక్కు పగుళ్ళివ్వడానికి సిద్ధంగా ఉంటుంది. షాఫ్ట్ కొద్దిగా వంగినా చాలు, సీల్ నిలవదు, పైలట్ నిలవదు. లోడ్ మీద విరిగితే బెల్ హౌసింగ్ కూడా పగలగొట్టుకుని పోవచ్చు.

ఒక్కచోట మాత్రం రిపేరుకి ఒప్పుకుంటాను. ఆయిల్ సీల్ అంచు రాసుకుని షాఫ్ట్ మీద సన్నని గాడి పడితే, మిగతా షాఫ్ట్ అంతా బాగుంటే, అక్కడ పలచటి స్టీల్ స్లీవ్ తొడిగించవచ్చు, లేదా చోటు ఉంటే కొత్త సీల్‌ని గాడి మీద కూర్చోకుండా కొంచెం ముందుకో వెనక్కో కూర్చోబెట్టవచ్చు. గోరు పెట్టి గీస్తే గాడి తగలాలి, తగలకపోతే కొత్త సీల్ ఒక్కటే చాలు.

షాఫ్ట్‌తోపాటు ఏమేం కొనాలి?

షాఫ్ట్ ముందు బేరింగ్, దాని సర్క్లిప్పులు (బేరింగ్‌ని కదలకుండా పట్టే స్ప్రింగ్ రింగులు), లోపలి నీడిల్స్ సెట్, ముందు ఆయిల్ సీల్, పైలట్ బేరింగ్, రిలీజ్ బేరింగ్, గాస్కెట్లు. ఇవి ప్రశ్న లేకుండా కొత్తవి వేయాలి. నాలుగో గేరు సింక్రో రింగు (గేరు పడేముందు రెండు వైపుల వేగాలూ కలిపే రింగు) కొలిచి చూడాలి: రింగుని షాఫ్ట్ కోన్ మీద వేసి వేలితో నొక్కి, రింగు అంచుకీ డాగ్ పళ్ళకీ మధ్య ఫీలర్ గేజ్ పెట్టండి. చాలా గేర్ బాక్సులకి మార్చాల్సిన హద్దు 0.8 మి.మీ. దగ్గర ఉంటుంది, మీ మాన్యువల్లో ఏముందో చూసుకోండి. కొత్త షాఫ్ట్ కోన్ మీద పాత రింగు వేసి కొలిచి నిర్ణయించండి, పాత షాఫ్ట్ మీద కాదు.

క్లచ్ ప్లేట్ సంగతి చాలామంది మర్చిపోతారు. షాఫ్ట్ స్ప్లైన్స్ అరిగాయంటే ప్లేట్ హబ్ లోపలి స్ప్లైన్స్ కూడా అరిగే ఉంటాయి. లైనింగ్ ఎంత బాగున్నా సరే, అరిగిన హబ్‌ని కొత్త షాఫ్ట్ మీద వేయొద్దు.

కౌంటర్ షాఫ్ట్ దగ్గర అసలు చిక్కు వస్తుంది. క్లచ్ షాఫ్ట్ గేరు, కౌంటర్ ముందు గేరు ఒకదానితో ఒకటి రాసుకుని కలిసి అరిగాయి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే కూత వచ్చే అవకాశం ఎక్కువ. కౌంటర్ పళ్ళ మీద గుంటలు, మెట్లు, అంచులు రాలడం కనిపిస్తే రెండూ కలిపి మార్చండి. పళ్ళు నున్నగా, ఒకే తీరున మెరుస్తూ ఉంటే ఉంచేయవచ్చు, కొంచెం కూత వస్తే అది భరించదగ్గదే.

పార్టు సరైనదో కాదో ఎలా తెలుస్తుంది?

ఒకే పేరున్న బండిలోనే ఇంజన్ మారితే, సంవత్సరం మారితే గేర్ బాక్స్ మారుతుంది. ఛాసిస్ నంబరుతో పార్ట్ నంబరు తీయించుకోండి. తర్వాత కౌంటర్ మీద పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి గేరు పళ్ళు లెక్కపెట్టండి, స్ప్లైన్స్ లెక్కపెట్టండి, మొత్తం పొడవు, ముక్కు మందం, సీల్ కూర్చునే చోటి మందం వెర్నియర్‌తో కొలవండి. గేరుకి ఒక్క పన్ను తేడా ఉన్నా కౌంటర్‌తో కలవదు. కొత్త క్లచ్ ప్లేట్‌ని అక్కడే షాఫ్ట్ మీద జార్చి చూడండి, తన బరువుకే హాయిగా జారాలి, పక్కకి ఊపితే ఊగకూడదు.

సెకండ్ హ్యాండ్ షాఫ్ట్ గురించి అడుగుతారు. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోనో, గాజువాక ఆటోనగర్‌లోనో పాత గేర్ బాక్సులు దొరుకుతాయి, అందులో మంచివీ ఉంటాయి. స్ప్లైన్స్ మీద హబ్ చేరని చోటు ఒకటి ఉంటుంది, అది ఎప్పుడూ అరగదు. ఆ చోటి నుంచి హబ్ నడిచే చోటికి గోరు జార్చండి, మెట్టు తగిలిందా, వదిలేయండి. నీలం రంగు తిరిగి ఉంటే అది వేడెక్కిన షాఫ్ట్, అదీ వదిలేయండి.

నేనే విప్పుకోవచ్చా?

గేర్ బాక్స్ దించడం, ఎక్కించడం ఓపిక, సామాను ఉన్నవాళ్ళు చేసుకోవచ్చు. లోపల షాఫ్ట్ మార్చడానికి ప్రెస్, బేరింగ్ పుల్లర్, సర్క్లిప్ ప్లయర్, డయల్ గేజ్, టార్క్ రెంచ్ కావాలి. అవి లేకుండా సుత్తితో కానిచ్చేద్దాం అనుకుంటే వద్దు. బాక్స్ మీరు దించి, బెంచ్ పని తెలిసినవాళ్ళతో చేయించుకుని, మళ్ళీ మీరే ఎక్కించుకోవడం మంచి మధ్యే మార్గం.

దించేటప్పుడు ఏం జాగ్రత్తలు?

బండి స్టాండ్ల మీద ఉండాలి, జాకీ మీద కాదు. బ్యాటరీ నెగటివ్ తీసేయండి, స్టార్టర్ వైరు ఎప్పుడూ కరెంటుతోనే ఉంటుంది. ఆయిల్ గోరువెచ్చగా ఉండగా వంచి, డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతం మీద ఏముందో చూడండి: బూడిదలాంటి పేస్టు మామూలే, మెరిసే పలకలు, పన్ను ముక్కలు మామూలు కాదు. ప్రొపెల్లర్ షాఫ్ట్ ఫ్లాంజిలకి పెయింట్‌తో గుర్తు పెట్టి విప్పండి, తిప్పి పెడితే వైబ్రేషన్ వస్తుంది. స్లేవ్ సిలిండర్‌ని పైపు విప్పకుండానే పక్కకి కట్టేస్తే బ్లీడింగ్ పని తప్పుతుంది, కానీ ఆ తర్వాత ఎవరూ పొరపాటున పెడల్ తొక్కకూడదు. క్రాస్ మెంబర్ తీసేముందు ఇంజన్ వెనక భాగానికి కింద నుంచి ఆధారం పెట్టండి. బెల్ హౌసింగ్ బోల్టులు అన్నీ ఒకే పొడవు ఉండవు, అట్ట ముక్క మీద బొమ్మ గీసి, ఏ బోల్టు ఏ కన్నానిదో అందులోనే గుచ్చి ఉంచండి.

బాక్స్ వెనక్కి వచ్చేటప్పుడు తిన్నగా రావాలి. సగంలో కిందికి వేలాడితే బరువంతా క్లచ్ ప్లేట్ హబ్ మీద, షాఫ్ట్ ముక్కు మీద పడుతుంది. అందుకే గేర్ బాక్స్ జాకీ కావాలనేది.

దింపగానే షాఫ్ట్ ముక్కు పట్టుకుని ఊపి చూడండి. మంచి బాక్సులో కూడా కొస దగ్గర కాస్త ఆట ఉంటుంది, దానికి ముందు ఆధారం పైలట్ బేరింగే కదా, కాబట్టి అది చూసి భయపడకండి. తిప్పినప్పుడు గరుకుగా తగలడం, ముందుకీ వెనక్కీ టక్‌టక్‌మని కదలడం, ఇవీ చెడ్డ గుర్తులు.

బేరింగ్ తీయడం, వేయడంలో ఏది సరైన పద్ధతి?

కొన్ని బాక్సుల్లో ముందు కవర్ విప్పి, సర్క్లిప్ తీస్తే షాఫ్ట్ ముందుకే వచ్చేస్తుంది. కొన్నిట్లో కేస్ రెండుగా విడదీసి షాఫ్ట్‌లన్నీ కలిపి బయటికి తీయాలి. డిటెంట్ గోళీలు, స్ప్రింగులు ఎగిరిపోయే చోటు ముందే తెలుసుకోండి. షాఫ్ట్ లాగేటప్పుడు లోపలి నీడిల్స్ రాలి కేస్ అడుగుకి పోతాయి. కేజ్ లేని విడి నీడిల్స్ అయితే లెక్క సరిపోయేదాకా బాక్స్ మూయొద్దు, ఒక్క నీడిల్ గేర్ల మధ్య పడినా మొత్తం పోతుంది. వేసేటప్పుడు గ్రీజు రాసి గుల్లలో అతికించండి.

ప్రెస్ మీద బేరింగ్ ఎక్కించేటప్పుడు బలం లోపలి రేస్ (రింగు) మీదే పడాలి. బయటి రేస్ మీద నొక్కితే ఆ బలం గోళీల మీదుగా పోయి ట్రాక్‌లో కనపడని గుంటలు పెడుతుంది, కొత్త బేరింగ్ మొదటి రోజు నుంచే కూస్తుంది. బేరింగ్‌ని నూనెలో 80 నుంచి 100 డిగ్రీల దాకా వేడి చేస్తే దాదాపు చేత్తోనే కూర్చుంటుంది. గ్యాస్ మంట నేరుగా పెట్టొద్దు. కడిగిన బేరింగ్‌ని కంప్రెసర్ గాలితో గిర్రున తిప్పి సరదా పడేవాళ్ళుంటారు, ఆయిల్ లేని గోళీలు ట్రాక్‌ని గీసేస్తాయి, చెదిరితే కళ్ళకీ ప్రమాదం.

షిమ్ అవసరమా? పాతదే పెట్టేయొచ్చు కదా?

పాత షిమ్ పాత బేరింగ్ కొలతకి సరిపోయింది. కొత్తది వేశాక కొలత మారవచ్చు. డయల్ గేజ్ పెట్టి షాఫ్ట్‌ని ముందుకీ వెనక్కీ నెట్టి ఎండ్ ప్లే చూసి, మాన్యువల్లో చెప్పిన హద్దులోకి వచ్చే షిమ్ లేదా సర్క్లిప్ ఎంచుకోవాలి. టేపర్ రోలర్ బేరింగులున్న బాక్సులో ఇది మరీ ముఖ్యం, మరీ బిగుతైతే వేడెక్కి పట్టేస్తుంది, లూజైతే గేరు పళ్ళు సరిగ్గా కలవవు. ముందు కవర్‌కి అనబాండ్ లాంటి గమ్ రాసేటప్పుడు సన్నగా, ఆయిల్ కన్నం మూసుకోకుండా రాయండి. ఎక్కువ రాస్తే లోపలికి పిండుకుని, విరిగి, ఆయిల్‌లో తిరుగుతుంది.

ఎక్కించేటప్పుడు బాక్స్ చివరి అర అంగుళం కూర్చోవట్లేదు. బోల్టులతో లాగేయవచ్చా?

ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఆ ఖాళీ ఉందంటే షాఫ్ట్ ముక్కు పైలట్‌లోకి పోలేదు, లేదా స్ప్లైన్స్ కలవలేదు. బోల్టులు తిప్పి లాగితే పైలట్ బేరింగ్ నలుగుతుంది, ప్లేట్ హబ్ వంగుతుంది, బెల్ హౌసింగ్ చెవి విరుగుతుంది. కొత్త షాఫ్ట్ మొదటి రోజే పాడయ్యేది ఇక్కడే. బాక్స్‌ని టాప్ గేరులో పెట్టి, వెనక ఫ్లాంజి మెల్లగా తిప్పుతూ, జాకీ ఎత్తు కొంచెం కొంచెం మార్చుతూ చేత్తో నెట్టండి. రెండు ముఖాలూ చేత్తోనే కలవాలి.

దీనికి ముందే క్లచ్ ప్లేట్‌ని మధ్యకి తెచ్చి ప్రెజర్ ప్లేట్ బిగించాలి, దానికి విడిగా పరికరం కొనక్కర్లేదు, తీసేసిన పాత షాఫ్టే సరిపోతుంది. దాన్ని ప్లేట్‌లోంచి పైలట్‌లోకి దూర్చి, ప్రెజర్ ప్లేట్ బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించి, ఆఖర్న లాగేయండి. ముక్కు బాగా అరిగిపోయి ఉంటే మాత్రం ఇది కుదరదు. స్ప్లైన్స్‌కి గ్రీజు వేలితో అద్ది తుడిచేసినంత చాలు, మిగిలిందంతా లైనింగ్ మీదికే చిమ్ముతుంది.

ఏ ఆయిల్ పోయాలి?

హ్యాండ్‌బుక్‌లో ఏ గ్రేడ్ ఉంటే అదే. డిఫరెన్షియల్‌కి పోసే జీఎల్-5 ఆయిల్‌నే గేర్ బాక్స్‌కీ పోయడం మన దగ్గర మామూలు, డబ్బా ఒకటే కొంటే సరిపోతుందని. అందులో ఉండే గంధకం, ఫాస్ఫరస్ మందులు డిఫరెన్షియల్‌లోని హైపాయిడ్ గేర్లకి కావాల్సినవి, ఇత్తడి సింక్రో రింగులకి మాత్రం అంతగా పడవు. జీఎల్-4 అడిగిన బాక్స్‌కి జీఎల్-4 పోయండి. చదునైన నేల మీద నిలబెట్టి, పక్క ప్లగ్ కన్నం నుంచి కారడం మొదలయ్యేదాకా నింపాలి. కొత్త పార్టులు వేశాక మొదటి వెయ్యి కిలోమీటర్ల లోపు ఒకసారి వంచి మళ్ళీ పోయడం నా లెక్కలో దండగ కాదు, ఆ మొదటి ఆయిల్‌లో వచ్చే పొడి చూస్తే మీకే తెలుస్తుంది.

ఖర్చెంత అవుతుంది?

బండిని బట్టి, ఊరిని బట్టి మారుతుంది. అడగాల్సింది మొత్తం కాదు, విడివిడిగా: దించి ఎక్కించే కూలి, బెంచ్ పని కూలి, పార్టులు. మొదటిది మీరు ఒక్క సీల్ మార్చినా, మొత్తం బాక్స్ చేసినా ఒకటే. అందుకే పైలట్ బేరింగ్ దగ్గరా సీల్ దగ్గరా ఆదా చేయడం ఆదా కాదు. పాత పార్టులన్నీ మీకే ఇమ్మని ముందే చెప్పండి.

మార్చాక గేర్లు కొంచెం బిగుతుగా పడుతున్నాయి, సన్నటి కూత కూడా ఉంది.

కొత్త సింక్రో రింగు సర్దుకునేదాకా నాలుగో గేరు కాస్త బిగుతుగా ఉండటం సహజం. సన్నటి, ఒకే తీరు కూత పాత కౌంటర్ గేరుతో కొత్త షాఫ్ట్ వేసినప్పుడు వస్తుంది. రోజురోజుకీ పెరుగుతుంటే, గరగరగా మారితే, బాక్స్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంటే బండి ఆపి ఎండ్ ప్లే మళ్ళీ చూపించండి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు పూర్తి లోడ్ వేయకుండా ఉంటే మంచిది.

దారిలో షాఫ్ట్ పోయింది. తాడు కట్టి లాక్కెళ్ళొచ్చా?

కొద్ది దూరం, మెల్లగా అయితే రోడ్డు పక్కకి తేవడం వరకు పర్వాలేదు. కిలోమీటర్ల కొద్దీ మాత్రం వద్దు. ఇంజన్ ఆగి, వెనక చక్రాలు నేల మీద తిరుగుతుంటే మెయిన్ షాఫ్ట్ తిరుగుతుంది కానీ కౌంటర్ షాఫ్ట్ నిలబడే ఉంటుంది. ఆయిల్‌ని పైకి చిమ్మేది ఆ కౌంటర్ గేర్లే. అవి తిరగకపోతే మెయిన్ షాఫ్ట్ మీది గేర్లు, ముక్కు దగ్గరి నీడిల్స్ పొడిగా తిరిగి కాలిపోతాయి, షాఫ్ట్‌తో పోవాల్సిన ఖర్చు మొత్తం బాక్స్‌కి వస్తుంది. వెనక చక్రాలు పైకి లేపి తీసుకెళ్ళే టోయింగ్ బండి పిలవండి. అది దొరక్కపోతే ప్రొపెల్లర్ షాఫ్ట్ డిఫరెన్షియల్ వైపు ఫ్లాంజి గుర్తు పెట్టి విప్పి, దాన్ని ఛాసిస్‌కి తీగతో గట్టిగా కట్టేసి, అప్పుడు లాగండి. స్లిప్ జాయింట్ గేర్ బాక్స్‌లోకే దూరే రకం అయితే బయటికి లాగేయొద్దు, వెనక నుంచి ఆయిలంతా కారిపోతుంది.